నక్షాలో మా ఊరు

నా దగ్గరికి ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తుంటారు, "మా తాతది ఏ జిల్లా అవుతుందో కాస్త చూసి చెప్పండి" అని. కొలువులో ఉన్నన్నాళ్ళూ నక్షాలకు, అంటే సర్కారు పటాలకు, నకళ్ళు తీసినవాణ్ణి కదా, నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. నేను చెప్పే జవాబు మాత్రం వాళ్ళకు నచ్చదు. మీ తాత పుట్టినప్పుడు ఆ నేల జమీందారు కింద ఉండేది, పెళ్ళినాటికి బస్తరు రాజ్యంలో కొంటా తహసీలు అయింది, ఆయన పోయేనాటికి రాజ్యమే పోయి జిల్లా అయింది, ఆ జిల్లా కూడా ఈమధ్య ముక్కలైంది అంటాను. "ఇంతకీ ఏది రాసుకోమంటారు?" అంటారు. ముందు మీ ఇంట్లో పెద్దామె ఎవరైనా మిగిలి ఉందేమో చూసుకుని రండి అంటాను. ముసలాయనకు చాదస్తం అనుకుంటూ వెళ్ళిపోతారు. చాదస్తం ఉన్న మాట నిజమే. అది మా అక్క పెళ్ళి దగ్గర పట్టుకుంది.

మా ఊరు గొల్లపల్లికి ఒక పూట నడక. ఊరి పేరు రాయను, ఆ పేరులో చింతచెట్టు ఉందని మాత్రం చెప్తాను. మేం దోర్లవాళ్ళం, కోయల్లో ఒక తెగ. ఇంట్లో దోర్లీ, సంతలో తెలుగు, కచేరీలో హిందీ మాట్లాడేవాళ్ళం. రాయడం నాకు తెలుగులోనే కుదిరింది. కొంటాలో ఒక కోమటి దుకాణం అరుగు మీద కూర్చుని ఆ ఇంటి పెద్దాయన దగ్గర నేర్చుకున్న అక్షరాలివి. బడిలో హిందీ అబ్బింది. ఆ రెంటి పుణ్యాన పంతొమ్మిదేళ్ళకే కొంటా తహసీలులో నకళ్ళు రాసే పని దొరికింది. మా ఊళ్ళో కాగితం చదవగలిగిన మొదటివాణ్ణి నేనే. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నా పొగరు అలా ఉండేది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అది దాస్తే ఈ సంగతి అర్థం కాదు.

మా ఊళ్ళు ఒకచోట ఉండేవి కావు. పోడు భూమిలో సత్తువ తగ్గినా, వరసగా చావులు వచ్చినా ఊరు లేచేది. "ఊరు లేచింది" అనే అంటారు మావాళ్ళు. ఇంటి వాసాలు, కుండలు, కోళ్ళు, వేల్పు, వీటితోపాటు ఊరి పేరునూ మోసుకుపోయి కొత్త చోట దించేవాళ్ళు. రాళ్ళు మాత్రం ఉన్నచోటే ఉండిపోయేవి. ఇంట్లో ఒకరు పోతే ఊరి బయట ఒక నిలువురాయి పాతడం మా ఆచారం. ఒకే వరసలో రాళ్ళు నిలిపిన ఇళ్ళు అన్నదమ్ముల ఇళ్ళు, వాటి మధ్య పెళ్ళి జరగదు. ఇతరులకు గోత్రం ఎలాగో మాకు రాళ్ళ వరస అలాగ.

ఊరికి పడమట ఒక వాగు ఉంది. దానికి ఇవతల బస్తరు రాజ్యం, అవతల భద్రాచలం తాలూకా, అంటే ఇంగ్లీషువాళ్ళ మద్రాసు. ఎండాకాలంలో ఆ వాగులో మోకాలి లోతు నీళ్ళు కూడా ఉండవు. మా ఆవులు రోజూ రెండు సర్కార్ల గడ్డీ మేసి ఇంటికొచ్చేవి.

అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది. గొల్లపల్లి సంతలో ఆమెకు వాగవతలి అబ్బాయి ఒకడు పరిచయమయ్యాడు. మాట తక్కువ మనిషి, చేపలు పట్టే బుట్టలు అల్లి అమ్మేవాడు. అక్కకు ఒక బుట్ట ఊరికే ఇచ్చాడు. అక్క దాన్ని నీళ్ళలో దించకుండా నెల రోజులు గోడకు తగిలించుకుంది. చేపల బుట్టను ఎవరూ గోడకు తగిలించరు. ఇంట్లో అందరికీ విషయం అర్థమైంది, మా అయ్యకు కూడా.

తర్వాతి నెలలో అబ్బాయి తరఫు పెద్దలు కల్లు కుండ నెత్తిన పెట్టుకుని వచ్చారు. కుండ మూత తీసి రెండు వైపులవాళ్ళూ తాగితే సంబంధం ఖాయమైనట్టు. మూత తీయబోతుంటే అబ్బాయి మేనమామ చేయి అడ్డం పెట్టాడు.

"ఒక్క మాట అడగాలె. మీ ఊరి పేరు, మా ఊరి పేరు ఒకటేనాయె. ఎన్నడన్న మనం ఒకటే వరస రాళ్ళోళ్ళం కాదు గద?"

అంతవరకు రెండు ఊళ్ళకూ ఒకే పేరు ఉండడం తమాషాగా చెప్పుకునే సంగతి. ఆయన అడిగాక తమాషా పోయింది. ఇక్కడికి రాకముందు మా ఊరు నీళ్ళ మడుగు దగ్గర ఉండేదని మా పెద్దలకు తెలుసు. అంతకుముందు ఎక్కడ ఉండేదో మగవాళ్ళలో ఎవరికీ తెలియదు, తెలిసిన వాళ్ళంతా రాళ్ళయిపోయారు. కుండ మూత తీయకుండా పక్కన పెట్టారు.

"మావోడు కచేరిలనే ఉన్నడు గద," అన్నాడు మా అయ్య. "సర్కారు కాగితాల్ల చూసి చెప్తడు."

అందరూ నా వైపు తిరిగారు. ఆ చూపు నాకు ఎంతో బాగుంది. అక్క కూడా చూసింది. ఆమె కళ్ళలో ఉన్న భయం అప్పుడు నాకు కనబడలేదు.

ముందు మా అవ్వను అడిగాను. మా అయ్యకు తల్లి ఆమె, ఊరు లేచి వచ్చిన రోజుల్లో తన కాళ్ళతో నడిచి వచ్చినవాళ్ళలో మిగిలిన చివరి మనిషి. వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"అవ్వా, ఈడికి రాకముందు మనూరు ఏడుండె?"

"నీళ్ళ మడుగు కాడ."

"దానికి ముందు?"

అవ్వ ఎడమ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆఖరుగా విడిచివచ్చిన తావు తప్ప, అంతకు ముందు తావుల గురించి బతికినవాళ్ళ ఇంట్లో నోటితో చెప్పకూడదు. చెప్తే అక్కడి పెద్దలు తమను పిలిచారనుకుని లేచి వస్తారని మావాళ్ళ భయం. మనిషి పోయినప్పుడు మాత్రం, పోయినవాళ్ళు దారి తప్పకుండా తాతల దగ్గరికి చేరాలని, పెళ్ళయిన ఆడవాళ్ళు ఆ తావులన్నీ వరసగా పాడతారు. అదొక్కప్పుడే.

"నేను పోయినప్పుడు పాడుతరు. అప్పుడు విను," అంది అవ్వ.

"అప్పటిదాక అక్క పెళ్ళి ఆగుద్దా?"

అవ్వ నవ్వలేదు. గడ్డం ఎత్తి తూర్పున ఉన్న కొండల వైపు చూపించింది. "రెండు పొద్దుల నడక. పోయి రాళ్ళు చూసి రా. నోటితోటి చెప్పరాదు గని, కాళ్ళతోటి పోయి చూడొచ్చు."

నాకు చిరాకేసింది. వాగు పడమట ఉంటే ఈమె తూర్పు చూపిస్తుందేమిటి, వయసు మీద పడింది అనుకున్నాను. రాజ్యం దఫ్తరు ఉండగా రెండు రోజులు అడవిలో పడి రాళ్ళు లెక్కపెట్టడానికి నాకేం ఖర్మ అనుకున్నాను. రెండు పొద్దుల నడకకు బద్ధకించినవాణ్ణి, దోర్నపాల్ దాకా నడిచి, అక్కడ కర్ర తోలే లారీ ఎక్కి, దారిలో అది రెండుసార్లు చెడిపోతే దుంగల మీదే కూర్చుని, నాలుగో రోజుకు రాజధాని జగదల్‌పూర్ చేరాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాట అప్పుడు నాకు గుర్తు రాలేదు.

దఫ్తరులో నక్షాలు చూసుకునే గుమాస్తా నగర్‌నార్ వైపు మనిషి. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, ఓపిక గల గొంతు. గుడ్డకు అతికించిన పాత నక్షాలు బల్ల మీద పరిచి, హల్బీలో సగం హిందీలో సగం, ఎల్లలు ఎలా నడిచాయో నాకు చెప్పాడు. తన ఇంటి సంగతితోనే మొదలుపెట్టాడు.

"కోట్‌పాడ్ పరగణా ఒకప్పుడు మా బస్తరుదే, తర్వాత పక్కనున్న జైపూరు రాజుకు పోయింది. మా తాత ఇల్లు అంగుళం కదల్లేదు. ఆయన తమ్ముడి ఇల్లు పొలం గట్టుకు అవతల. ఒకరోజు పొద్దున లేచేసరికి ఆ తమ్ముడు జైపూరు మనిషి అయిపోయాడు. పన్ను వేరే, కచేరీ వేరే, మెల్లగా రాకపోకలు తగ్గాయి. మొన్న ఆ ఇంటి మునిమనవడికి మా పిల్లను అడగడానికి వచ్చారు. మనం పాలివాళ్ళం కదయ్యా అంటే వాళ్ళకు తెలియనే తెలియదు. గీత అంత పని చేస్తుంది."

ఆ మాట నా బుర్రలో మేకులా దిగింది. ఆయన చెప్పింది ఆయన ఊరి సంగతి. నాగలి దున్నే మైదానం, కదలని ఇల్లు, దాని మీదుగా నడిచే గీత. మా అడవిలో గీతా నడుస్తుంది, ఊరూ నడుస్తుంది. ఆ తేడా నాకు తెలియనిది కాదు. కానీ కళ్ళద్దాలు పెట్టుకున్న మనిషి బల్ల ముందు నిలబడి చెప్పేసరికి నేను దోర్లవాణ్ణన్న సంగతి మరిచిపోయాను.

మా వైపు నక్షాలు రెండు తీశాడు. పాతదానిలో రాజ్యం ఎల్ల మా వాగు మీద కాక, ఇంకా తూర్పున మరో వాగు మీద ఉంది. అంటే ఇప్పుడు మా ఇళ్ళున్న నేల అప్పుడు అవతలి సర్కారుది. మా వాగుకు పడమట, ఆ ఒక్కచోటే, మా ఊరి పేరు స్పష్టంగా రాసి ఉంది. తూర్పున కొండల నిండా పెద్ద అక్షరాలతో ఒకటే మాట, "జంగల్". కొత్తదానిలో గీత మా వాగు మీదికి జరిగింది. ఇవతల మా ఊరి పేరు, అవతల అదే పేరు. నాకు ఒళ్ళు పులకరించింది. ఒకే ఊరు, మధ్యలోకి గీత వచ్చింది, రెండయింది. గుమాస్తా గారి తాత కథే. అక్కకు సంబంధం తప్పిపోతుందన్న బాధ కంటే నేను కనిపెట్టానన్న సంతోషమే ఎక్కువగా ఉండింది. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

"జంగల్" అంటే అక్కడ ఊళ్ళు లేవని కాదు, కొలతలు వేసే అమీను అక్కడిదాకా పోలేదని. అదీ నాకు తెలుసు. కొంటాలో అమీనులు మంచె మీద కూర్చుని, ఆ కొండ కింద ఏ ఊరు, ఈ కొండ కింద ఏ ఊరు అని అడిగి రాసుకున్న కాగితాలకు ఎన్నింటికి నకళ్ళు తీశానో. తెలిసి కూడా ఆ మాట మీది నుంచి చూపు తిప్పేశాను. రెండు నక్షాలకూ నకలు తీసి, ముద్ర వేయించుకుని ఇంటికొచ్చాను.

అబ్బాయివాళ్ళు మళ్ళీ వచ్చారు. మూత తీయని కల్లు స్థానంలో తాజా కల్లు నింపిన అదే కుండ. మా ఇంటి ముందు పందిరి కింద నక్షా పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, వకీలులా మాట్లాడాను. ఇదిగో పాత ఊరు, ఇదిగో గీత జరిగిన తావు, మనం పాలివాళ్ళం, పెళ్ళి కుదరదు అన్నాను. మేనమామ ముద్రను వేలితో తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆ అబ్బాయి నక్షా మీదికి వంగాడు.

"ఇందుల వాగు ఏది?"

చూపించాను. వాగు మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత వెళ్ళి వాళ్ళ పెద్దల వెనక నిలబడ్డాడు.

ఇంట్లోంచి అవ్వ గొంతు వినబడింది. "రాళ్ళు చూసినవా?"

"అక్కర లేదవ్వా, సర్కారు కాగితముంది."

"నేను ఊరు లేచి వచ్చినప్పుడు ఆ కాగితం నా ఎంట నడిచిందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా అమ్మ నవ్వలేదు, గుంజ పట్టుకుని నిలబడింది. వాళ్ళు కల్లు నేల మీద పారబోసి, కుండ బోర్లించి నెత్తిన పెట్టుకుని పోయారు. కుండ బోర్లిస్తే ఇక ఆ ఇంటికి ఆ మాట మీద రారు.

అక్క గోడకున్న బుట్ట తీసి మర్నాడు వాగులో దించింది, సాయంత్రం చేపలు తెచ్చి వండింది. తమ్ముడు చదువుకున్నవాడు, వాడికి తెలుసు అనుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నన్ను నమ్మింది, అదే నాకు ఇప్పటికీ ముల్లు.

మరుసటి ఏడు ఆ అబ్బాయికి వాళ్ళ వైపే పెళ్ళయింది. అక్కను దోర్నపాల్ దగ్గర ఒక ఇంటికి ఇచ్చాం. బావ మంచివాడే.

ఆ తర్వాత రెండు వానలకు అవ్వ పోయింది. కొంటా నుంచి పరుగున వచ్చాను. పొద్దున్నే ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని వలయంగా నిలబడి పాట ఎత్తుకున్నారు. చిన్నప్పటి నుంచీ ఆ పాట నా చెవిన పడుతూనే ఉంది, వాన చప్పుడు పడ్డట్టు. ఆ రోజు మాత్రం "అప్పుడు విను" అన్న అవ్వ మాట గుర్తొచ్చి విన్నాను.

లే అవ్వా లే, నీళ్ళ మడుగు కాడికి పో. మడుగు కాడ ఆగకు, రెండు కొండల సందున నడువు. ఎడమచేతి వాగు దాటకు అవ్వా, అవతల మన రాళ్ళు లేవు. పొద్దు పొడిచే దిక్కు ఎక్కు, మీదికెక్కు, ముందొచ్చినోళ్ళ రాళ్ళు ఆడున్నయి.

వాగు దాటకు అన్నచోట వలయం మొత్తం వాగుకు వీపు పెట్టి తూర్పు తిరిగింది. తిరిగినవాళ్ళలో అక్క ఉంది. చంకలో బిడ్డ, కళ్ళ నీళ్ళు. పాడుతూ పాడుతూ నా వైపు చూసింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేను జగదల్‌పూర్ దాకా పోయి వెతికింది మా వాకిట్లో ఆడవాళ్ళందరికీ వచ్చు.

"నీకు తెలుసు గద అమ్మా, నాకెందుకు చెప్పలే?" అని తర్వాత అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"తావులు నోట అనరాదు బిడ్డా. పాపమొస్తే వచ్చిందని అందామనే గుంజదాక వచ్చిన ఆ రోజు," అంది అమ్మ. "గని నువ్వంత గట్టిగ చెప్తివి, ముద్ర సూపిస్తివి. మా పాటనే తప్పేమో అనుకున్న."

మా అమ్మ తన నోటి పాట తప్పనుకుంది, నా కాగితం తప్పనుకోలేదు. అంతకు మించిన శిక్ష నాకు ఎవరూ వేయలేదు.

దినాలయ్యాక కొండల వైపు నడిచాను. అవ్వ చెప్పినట్టు రెండు పొద్దులే పట్టింది. చింతచెట్ల కింద, నడుమెత్తు రాళ్ళు ఒకటే వరస, తీగలు అల్లుకుని ఉన్నాయి. మావాళ్ళు ఆ పేరు పెట్టుకున్నది అక్కడ. అవతలివాళ్ళు వాళ్ళ చింతల కింద వాళ్ళు పెట్టుకున్నారు. చింతలున్నచోట ఆ పేరు ఎవరైనా పెట్టుకుంటారు. మావాళ్ళు ఆ పేరు మోసుకుంటూ కిందికి దిగారు గానీ, ఆ వాగు ఏనాడూ దాటలేదు. రాళ్ళ ముందు కూర్చుని గట్టిగా ఏడ్చాను.

వచ్చేటప్పుడు అక్క ఇంటికి వెళ్ళాను. సంచిలో నక్షా నకలు ఉంది. చూసొచ్చానని చెప్పాను. అక్క వడ్లు దంచడం ఆపి రోకలి గోడకు ఆనించింది.

"పోయినేడు పెద్దయ్య పోయినప్పుడు మొదటిసారి వాళ్ళతోటి నిలబడి పాడిన. నువ్వు రాలే అప్పుడు. ఆ రోజే ఎరుకైంది తమ్మీ."

"నాకెందుకు చెప్పలే అక్కా?"

"అప్పటికి కడుపుల బిడ్డ ఉండె. చెప్పి ఏం జేత్త?" చేతులు తుడుచుకుని నా ముందు కూర్చుంది. "ఏదీ, ఆ కాగితం తియ్యి. మన రాళ్ళు ఏడున్నయి ఇందుల?"

పరిచి చూపించాను.

"ఈడ ఏం రాసుంది?"

"జంగల్ అని."

"అంటే ఏంది?"

"ఏం లేదని రాసిండు అక్కా."

ఆ మాట మీద బొటనవేలు ఆనించి, చేయి చాపి, చిటికెన వేలు వాగవతలి ఊరి మీద పెట్టింది. ఆ ఊరేదో నేను చెప్పలేదు, ఆమె చదవలేదు. ఆ రోజు పందిరి కింద ఆ అబ్బాయి వేలు పెట్టిన వాగు గుర్తుతో పట్టుకుని ఉంటుంది.

"జానెడుంది," అంది. "ఇంత దూరముండె మా రెండిండ్ల నడుమ. పెళ్ళి చేసుకునేంత దూరం."

అక్క చేయి తీసి, నక్షాను మడత మీద మడత పెట్టి నా సంచిలో వేసింది. లోపల బిడ్డ ఏడుస్తుంటే లేచింది, జావ చల్లారిపోతుంది తాగు తమ్మీ అంది.